మేట ఎవరి పేరున? ‘అక్రీషన్’ అనే మాట గురించి

గ్రహాలు ఎలా పుట్టాయో చెప్పే పాఠంలో వచ్చే ఒక మాట, గోదావరి లంక భూముల మీద కోర్టులు ఇచ్చిన తీర్పుల్లోనూ వస్తుంది. ఆ మాట అక్రీషన్. పోటీ పరీక్షలకు చదివే విద్యార్థులు దీన్ని భూగోళశాస్త్రంలో ఒకసారి, ఖగోళశాస్త్రంలో ఒకసారి బట్టీ పడతారు. భూమి హక్కుల మీద పనిచేసే మన కార్యకర్తలకు అది రెవెన్యూ కాగితాల్లో ఎదురవుతుంది. రెండు చోట్లా ఉన్నది ఒకే మాటని, ఒకే ఆలోచన అని మనకు ఎవరూ చెప్పరు. శాస్త్రంలో దాని అర్థం ఏమిటి, చట్టంలోకి వచ్చాక ఆ అర్థానికి ఏం జరిగింది, ఏటి ఒడ్డున సాగు చేసుకునే మాల మాదిగ కుటుంబాలకు దానితో ఉన్న పేచీ ఏమిటి అన్నది ఇక్కడ విడమరిచి చెప్పాలనుకుంటున్నాం.

ముందు అర్థం. లాటిన్‌లో ‘ఒకదాన్ని ఆనుకుని పెరగడం’ అనే క్రియ నుంచి వచ్చిందీ మాట. నెలవంకను ఇంగ్లీషులో పిలిచే క్రెసెంట్, సిమెంటు పనిలో మనం వాడే కాంక్రీట్ కూడా ఆ వేరు నుంచి మొలిచినవే. అక్రీషన్ అంటే కొద్దికొద్దిగా వచ్చి చేరడం వల్ల ఒక వస్తువు పెరగడం. తెలుగు పుస్తకాలు దీన్ని ఒకచోట సంచయనం అని, ఇంకోచోట నిక్షేపణం అని రాస్తాయి. ఈ రెండూ పూర్తిగా సరిపోవు. నిక్షేపణం అంటే తెచ్చి పడేయడం మాత్రమే. సంచయనం అంటే కుప్పపడటం. వామపక్ష సాహిత్యంలో ‘పెట్టుబడి సంచయనం’ అన్నప్పుడు ఉన్నది ఈ మాటే. కుప్ప ఎక్కడైనా పడొచ్చు, ఖాళీ నేల మీదైనా పడొచ్చు. అక్రీషన్‌కి అలా కుదరదు. అంటుకోవడానికి ముందే ఒకటి ఉండాలి. ఒక గింజ, ఒక రాయి, ఒక గట్టు. కొత్తగా వచ్చేదంతా ఆ ఉన్నదానికే చేరుతుంది, ఆ ఉన్నదాని పేరుతోనే పెరుగుతుంది. ఈ ఒక్క షరతు గుర్తుపెట్టుకుంటే మిగతా వ్యాసమంతా అర్థమవుతుంది.

మన పల్లెల్లో దీనికి ఇంతకంటే మంచి మాట ఉంది. మేట. ‘ఏరు మేట వేసింది’ అంటారు. దానికి ఎదురు మాట కోత. ‘ఏరు కోసేసింది’ అంటారు. ఒండ్రు అనేది వచ్చే మట్టి పేరు, మేట అనేది అది పడి నిలిచిన తీరు. పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లు ఏటి ఒడ్డున నాలుగు రోజులు కూర్చుని ఉంటే ఈ రెండు మాటలూ పరీక్షల్లోకి వచ్చేవి. ఇప్పటికీ రాలేదు.

తెలుగు క్రియల్లో ఇంకో సౌకర్యం ఉంది. పేరుకోవడం వేరు, పేర్చడం వేరు. పోగుపడటం వేరు, పోగేయడం వేరు. మొదటిదానిలో చేసేవాడు కనిపించడు, దానంతటదే జరిగినట్టు ఉంటుంది. రెండోదానిలో చేసేవాడు ఉండి తీరాలి. శాస్త్రవేత్త అక్రీషన్ అన్నప్పుడు పేరుకోవడం గురించే మాట్లాడతాడు. దుమ్ముకి ఉద్దేశం ఉండదు కదా. చిక్కు ఎక్కడొస్తుందంటే, ఎవరో పేర్చినదాన్ని కూడా పేరుకున్నట్టు రాసినప్పుడు.

ఖగోళశాస్త్రం సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. దాదాపు 450 కోట్ల ఏళ్ల కిందట కొత్తగా పుట్టిన సూర్యుడి చుట్టూ వాయువూ దుమ్మూ పళ్లెంలా తిరుగుతుండేవి. దుమ్ము రేణువులు ఒకదానికొకటి తగిలి అంటుకున్నాయి. గులకరాళ్లయ్యాయి, బండలయ్యాయి, కొన్ని కిలోమీటర్ల వెడల్పున్న ముద్దలయ్యాయి. ఆ స్థాయికి వచ్చాక ఆకర్షణ శక్తి పని మొదలుపెట్టింది. ఇక్కడే ఒక మలుపు ఉంది. పెద్ద ముద్ద చిన్నదానికంటే ఎక్కువ లాగుతుంది, లాగినకొద్దీ ఇంకా పెద్దదవుతుంది, పెద్దదైనకొద్దీ ఇంకా వేగంగా లాగుతుంది. దీన్ని శాస్త్రవేత్తలు పట్టపగ్గాల్లేని అక్రీషన్ అని అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. మొదట్లో ఉన్న చిన్న తేడా చివరికి గ్రహానికీ గులకరాయికీ మధ్య తేడా అయిపోతుంది. చుట్టూ ఉన్న సరుకు అయిపోయేదాకా అది ఆగదు. 2019లో ప్రపంచమంతా చూసిన మొదటి కృష్ణబిలం బొమ్మలో, ఎం 87 గెలాక్సీ నడుమ నారింజ రంగు ఉంగరంలా మెరిసింది కూడా ఇలాంటి సరుకే. కృష్ణబిలంలోకి పడబోతూ దాని చుట్టూ తిరిగే వేడి వాయువు పళ్లేన్ని అక్రీషన్ డిస్క్ అంటారు. వడగళ్లు కూడా ఈ పద్ధతిలోనే తయారవుతాయి. మబ్బులో ఒక మంచు గింజ మీద చల్లటి నీటి తుంపరలు గడ్డకట్టి పొరలు పొరలుగా చేరతాయి.

ఇక నది దగ్గరికి వద్దాం. మనకు అసలు పని ఇక్కడే.

వరద నీరు వేగంగా పారినంతసేపు ఇసుకనీ మట్టినీ మోసుకెళ్తుంది. వేగం తగ్గినచోట బరువు దించేస్తుంది. ముందు ముతక ఇసుక, తర్వాత సన్న ఇసుక, ఆఖరున ఒండ్రు పడతాయి. వంపు తిరిగినచోట లోపలి ఒడ్డున నీరు నెమ్మదిస్తుంది కాబట్టి అక్కడ మేట పడుతుంది. బయటి ఒడ్డుని వేగంగా రాసుకుంటూ పోతుంది కాబట్టి అక్కడ కోత పడుతుంది. ఒక ఒడ్డున పెరిగిన నేలలో కొంత ఇంకో ఒడ్డున తరిగిన నేలే. నడి ఏటిలో ఒక ఇసుక తిన్నె లేస్తే దాని మీద రెల్లు మొలుస్తుంది. రెల్లు దుబ్బులు మరుసటి వరదలో నీటి వేగాన్ని ఇంకా తగ్గిస్తాయి, ఇంకొంచెం ఒండ్రుని పట్టుకుంటాయి. కొన్ని వరదలు గడిచేసరికి ఆ తిన్నె లంక అవుతుంది. ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల్లో ఉన్న లంకలు ఇలా పుట్టి పెరిగినవే. సముద్రం అంచున కూడా ఇదే జరుగుతుంది. కాకినాడ ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ గోదావరి ఒండ్రూ అలలూ కలిసి గత రెండు మూడు వందల ఏళ్లలో పెంచిన ఇసుక దిబ్బ.

సరే, అలా పుట్టిన నేల ఎవరిది?

ఈ ప్రశ్నకు చట్టం చెప్పిన జవాబు చాలా పాతది. 6వ శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కూర్పించిన రోమన్ న్యాయ గ్రంథంలోనే ఉంది. ఏ క్షణంలో ఎంత చేరిందో చెప్పలేనంత నెమ్మదిగా నది మీ పొలానికి మట్టి చేరిస్తే, ఆ మట్టి మీదే. ఒక్కసారిగా వరద ఎవరి పొలం ముక్కనో కోసి తెచ్చి మీ పొలానికి అతికిస్తే, అది మాత్రం పాత యజమానిదే. నడి ఏటిలో లంక లేస్తే రెండు ఒడ్ల భూస్వాములూ పంచుకోవాలి. ఇంగ్లండు న్యాయస్థానాలు ఈ సూత్రాన్నే తీసుకున్నాయి. అక్కడ లార్డ్ యార్‌బరో అనే ప్రభువు ఎస్టేటు పక్కన సముద్రం వెనక్కి జరిగి కొత్త నేల తేలింది. అది తమదని రాజరికం అంది. చేరిక నెమ్మదిగా, కంటికి ఆనకుండా జరిగింది కాబట్టి అది ప్రభువుదేనని 1828లో లార్డుల సభ తేల్చింది. ‘నెమ్మదిగా, కంటికి ఆనకుండా’ అన్న మాటలే ఇవాళ్టిదాకా అక్రీషన్‌కి చట్టంలో గీటురాయి.

ఈస్టిండియా కంపెనీ దీన్ని బెంగాల్‌లో శాసనం చేసింది. 1825 నాటి 11వ రెగ్యులేషన్ ప్రకారం నది జరగడం వల్ల క్రమంగా చేరిన నేల దాన్ని ఆనుకుని ఉన్న భూమి హక్కుదారుకే పోతుంది. పడవలు తిరిగే పెద్ద నదిలో లేచిన లంక ప్రభుత్వానిది. కానీ లంకకీ ఒడ్డుకీ మధ్య పాయని కాలినడకన దాటగలిగితే అది మళ్లీ ఒడ్డు యజమానిదే. కోతకు గురై, కొన్నేళ్ల తర్వాత అదే చోట మళ్లీ తేలిన నేల మొదటి యజమానికే చెందుతుందని 1870లో లోపెజ్ కేసులో ప్రీవీ కౌన్సిల్ చెప్పింది. 1920ల తొలినాళ్లలో ప్రభుత్వానికీ విజయనగరం రాజాకీ మధ్య నడిచిన కేసులో అదే ప్రీవీ కౌన్సిల్ ఇంకో మాట కలిపింది. ఇంగ్లండు నదుల నెమ్మదితనంతో ఇక్కడి నదులను కొలవనక్కర్లేదు, ఇక్కడి నదుల స్వభావాన్ని బట్టి ‘క్రమంగా’ అన్న మాటను అర్థం చేసుకోవాలి అని. ఇది తెలివైన మాటే. గోదావరి ఒక్క వరదలో చేసే పని థేమ్స్ నది ఎన్నో ఏళ్లు తీసుకుని చేస్తుంది.

ఈ తీర్పులన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడండి. ఎవరెవరు పోట్లాడుకుంటున్నారు? ప్రభువూ రాజరికమూ. జమీందారూ కంపెనీ. రాజా, ప్రభుత్వం. ఆ నేల మీద రెల్లు పీకినవాడు, చెరువు మట్టి తట్టలు మోసినవాడు ఏ కేసులోనూ వాది కాదు, ప్రతివాది కాదు. చట్టం శాస్త్రం నుంచి ‘ముందే ఒకటి ఉండాలి’ అన్న షరతును తీసుకుని, దాన్ని ‘ముందే భూమి ఉన్నవాడికే’ అని చదువుకుంది. దుమ్ము గింజకు దుమ్ము అంటుకోవడం ప్రకృతి. పట్టా ఉన్నవాడికి నేల అంటుకోవడం మనుషులు రాసుకున్న నియమం. మనువు కాలం నుంచీ భూమి కొనే, ఉంచుకునే దారులు మూసేసిన కులాలకు ఒడ్డు ఎక్కడుంది, మేట వచ్చి చేరడానికి?

మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న మన ప్రాంతంలో కథ కొంచెం వేరుగా నడిచింది. నది పడక మొత్తం ప్రభుత్వ ఆస్తి అని 1905 నాటి భూ ఆక్రమణ చట్టం ప్రకటించింది. అంతకుముందే 1884లో నదీ పరిరక్షణ చట్టం వచ్చింది. దాని పరిధిలోకి తెచ్చిన నదుల్లో అధికారి అనుమతి లేకుండా చెట్టు నాటడం, కట్టడం లేపడం కుదరదు. ఈ రెండూ ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నో దశాబ్దాలు రెవెన్యూ, నీటిపారుదల శాఖల చేతిలో పనిముట్లుగా ఉన్నాయి. కాగితం మీద చూస్తే ఇది బెంగాల్ పద్ధతి కంటే మెరుగు, ఒడ్డు భూస్వామికి లంక దానంతటది పోదు. కానీ ప్రభుత్వం దాన్ని ఏం చేసింది? వేలం వేసింది. ఏక్‌సాల్ అని ఏడాది లీజుకి ఇచ్చింది. వేలంలో ఎవరు పాడగలరో అందరికీ తెలుసు. గోదావరి, కృష్ణా జిల్లాల్లో దళిత వ్యవసాయ కూలీల సహకార సంఘాలకు లంకలను కౌలుకిచ్చే పద్ధతి కూడా వచ్చింది. కొన్ని పేటలు ఇవాళ తింటున్న అన్నం ఆ సంఘాల పుణ్యమే. చాలాచోట్ల మాత్రం మనవాళ్లు శివాయి జమాదారులుగానే మిగిలారు. అంటే సాగు చేస్తారు, శిస్తో జరిమానానో కడతారు, రికార్డులో మాత్రం ఆక్రమణదారు.

లంక నేల దున్నడానికి సిద్ధంగా ఏట్లోంచి లేచి రాదు. మొదట దాని మీద ఉండేది ఇసుక, రెల్లు, తుప్పలు. రెల్లు దుబ్బు వేళ్లు లోతుకి దిగుతాయి, పార తిరగదు. దాన్ని ఏళ్ల తరబడి పీకి, కాల్చి, మళ్లీ మొలిస్తే మళ్లీ పీకి, గుంటలు పూడ్చి, పశువుల ఎరువు పడవల మీద తోలుకెళ్లి, వరద వచ్చినప్పుడల్లా మళ్లీ మొదటికొచ్చి చదును చేస్తే అప్పుడు కంద, అరటి, కూరగాయలు పండే నేల అవుతుంది. ఒకప్పుడు లంక పొగాకు చుట్టలకు ఎంత పేరంటే తిరుచిరాపల్లికీ బర్మాకీ ఎగుమతయ్యేది. ఆ పేరు తెచ్చిన చేతులు ఎవరివో పుస్తకాల్లో లేదు. అందుకే ‘అక్రీటెడ్ ల్యాండ్’ అని రికార్డులో రాసినప్పుడు సగమే నిజం రాసినట్టు. నది వేసింది మేట. దాన్ని పొలం చేసింది మనిషి. ఆ రెండో సగం రాయకపోవడం వల్లే పొలం ఎవరికి చెందాలన్న ప్రశ్నలో సాగుదారు కనిపించకుండా పోతాడు.

ఇది మేం ఊహించి అంటున్నది కాదు. 1948లో జమీందారీ రద్దు చట్టం వచ్చింది. ఎస్టేటు రైతులకు రైత్వారీ పట్టాలు ఇవ్వడం దాని ఉద్దేశం. దానిలో 11వ సెక్షన్ లంక భూములకు విడిగా ఒక నియమం పెట్టింది. 1939 జులై 1 నుంచి ఎడతెగకుండా ఆ లంక తన చేతిలోనో తన పూర్వ హక్కుదారుల చేతిలోనో ఉంటేనే రైతుకి పట్టా. ఏటా నీట మునిగే, ఒక ఏడు ఉండి మరుసటి ఏడు సగం కోసుకుపోయే నేల మీద ‘ఎడతెగని అనుభవం’ రుజువు చేయమంటే ఎవరు చేయగలరు? శిస్తు రసీదులు, కరణంతో పరిచయం ఉన్నవాళ్లు చేయగలరు. అదే సెక్షన్ కింద ఒక వివరణ కూడా ఉంది. లంక భూమిని లీజుకు తీసుకున్న ఏ కౌలుదారుకీ ఈ సెక్షన్ కింద పట్టా హక్కు ఉండదు అని. జమీందారీని రద్దు చేసిన ప్రగతిశీల చట్టం, లంకల దగ్గరికి వచ్చేసరికి దున్నేవాడిని ఒక వాక్యంతో తలుపు బయట నిలబెట్టింది. దున్నేవాడిదే భూమి అన్న నినాదం గోడల మీద రాసుకునే మనం ఈ ఒక్క వాక్యాన్ని కూడా చదివి ఉండాలి.

కోత వైపు చూస్తే ఈ లెక్క ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మేట పడితే లాభం ఒడ్డున్నవాడిది. కోత పడితే నష్టం ఎవరిది? విపత్తు సాయానికి కేంద్ర ప్రభుత్వం 2022-26 కాలానికి ఇచ్చిన నిబంధనల ప్రకారం పొలం మీద 3 అంగుళాలకు మించి ఇసుకో మట్టో మేట వేస్తే, తొలగించడానికి హెక్టారుకు 18,000 రూపాయలు. నది దారి మారి భూమిలో చాలా భాగం పోతే హెక్టారుకు 47,000 రూపాయలు. రెండోదానికి ఒక షరతు ఉంది. సన్న, చిన్నకారు రైతులై ఉండాలి, ఆ భూమి వాళ్లదని రెవెన్యూ రికార్డు చెప్పాలి. శివాయి జమాదారు, ఏక్‌సాల్ లీజుదారు, నోటిమాట కౌలుదారు ఈ షరతు దగ్గరే ఆగిపోతారు. ఏరు వాళ్ల కళ్లముందే నేలని ముక్కలు ముక్కలుగా కోసుకుపోతుంది. లెక్కలో మాత్రం వాళ్లకు పోయిందేమీ లేదు, ఎందుకంటే లెక్క ప్రకారం వాళ్లకు ఉన్నదేమీ లేదు.

ఇక్కడ ఇంకో చిన్న సంగతి. మేట అంటే ఎప్పుడూ లాభమే అనుకోకూడదు. ఒండ్రు మేట వేస్తే బంగారం, ఇసుక మేట వేస్తే పొలం పోయినట్టే. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు లేచినప్పుడు, 2022 జులైలో 71.3 అడుగులకు లేచినప్పుడు ఈ రెండు రకాల మేటలూ పడ్డాయి. శాస్త్రానికి రెండూ అక్రీషనే. రైతుకి కాదు. ఏటిగట్టు లోపల ఉన్న లంక గ్రామాలు, పి.గన్నవరం దగ్గర ఊడిమూడిలంక, బూరుగులంక, అరిగెలవారిపేట లాంటివి వరద వస్తే పడవల మీదే బతకాలి. గట్టు కట్టింది గట్టు బయట ఉన్న వరిపొలాలను కాపాడటానికి. గట్టు లోపల ఉన్నవాళ్లు నీటి వైపు ఉన్నారు.

భూమి విలువ పెరిగినప్పుడు ఏమవుతుందో అమరావతిలో చూశాం. రాజధాని భూసమీకరణలో పట్టా భూములకు ఒక ప్యాకేజీ, అసైన్డ్ భూములకూ లంక భూములకూ తక్కువ ప్యాకేజీ నిర్ణయించారు. 2016 ఫిబ్రవరి నాటి 41వ నంబరు జీవో సాగుదారులను తరగతులుగా విడదీసి, తరగతికి ఇన్ని గజాలని పంచింది. కృష్ణ ఒడ్డున పక్కపక్కనే ఉన్న రెండు ఎకరాలు, ఒకటి పట్టా, ఒకటి లంక. ఒండ్రు ఒక్కటే, నీరు ఒక్కటే, గజాలు మాత్రం వేరు. దళిత రైతులు దీని మీద ఏళ్ల తరబడి ఆందోళన చేయాల్సి వచ్చింది. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం లంక భూముల సాగుదారులకు పట్టాలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఏ, బి తరగతి లంకలకు పట్టా, వరద ప్రవాహానికి అడ్డు అనుకునే సి తరగతికి కాలపరిమితి ఉన్న లీజు. అసైన్డ్ భూములను 20 ఏళ్ల తర్వాత అమ్ముకునే వీలు కల్పించిన చట్ట సవరణ కూడా ఆ ఏడాదే వచ్చింది. పట్టా రావడం మంచిదే, దానికి వంక పెట్టం. కానీ తరగతి ఎవరు నిర్ణయిస్తున్నారో, ఎప్పుడు కొలిచారో అడగాలి. ఏ తరగతి లంక ఒక పెద్ద వరద తర్వాత సి తరగతి అయిపోవచ్చు. సి తరగతి తిన్నె పదేళ్లలో ఏ తరగతికి ఎదగొచ్చు. నేల కదులుతుంది, ఫైలు కదలదు.

ఇప్పుడు వాడుక గురించి. ఈమధ్య విద్యార్థుల రచనల్లో, సెమినార్ పత్రాల్లో ‘కుల ఆధిపత్యం అక్రీషన్ లాగా పేరుకుంది’, ‘తరతరాల సంపద అక్రీషన్’ లాంటి వాక్యాలు చూస్తున్నాం. ఈ పోలిక సగం బాగుంది, సగం ప్రమాదం. బాగున్న సగం ఏమిటంటే, ముందు ఉన్నవాడికే మరింత చేరుతుందన్న సంగతి అది సరిగ్గా పట్టుకుంటుంది. పెద్ద ముద్ద చిన్న ముద్దల్ని లాగేసుకున్నట్టే భూమి ఉన్న కుటుంబం అప్పులిస్తుంది, అప్పు తీరక వచ్చిన భూమి కలుపుకుంటుంది, ఆ భూమి చూపించి బ్యాంకు నుంచి ఇంకా తక్కువ వడ్డీకి అప్పు తెచ్చుకుంటుంది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగు విస్తీర్ణంలో షెడ్యూల్డ్ కులాల చేతిలో ఉన్నది 9 శాతం లోపే. 2011 జనగణన ప్రకారం జనాభాలో మనం 16.6 శాతం. ఈ తేడా ఒక్క రోజులో వచ్చింది కాదు. ఇంతవరకూ పోలిక నిలబడుతుంది.

ప్రమాదం రెండో సగంలో ఉంది. అక్రీషన్‌లో చేసేవాడు ఉండడు. కులంలో ఉంటాడు. వాడ మనిషి పొలం కొంటే ఊరు ఏకమై నీళ్లు ఆపడం, పంచిన బంజరుని దౌర్జన్యంగా దున్నుకోవడం, పట్టా చేతిలో ఉన్నా హద్దు చూపించకపోవడం, ఇవన్నీ చేసినవాళ్ల పేర్లతో, తేదీలతో, ఎఫ్ఐఆర్ నంబర్లతో చెప్పగలిగిన పనులు. వాటిని పేరుకోవడం అంటే నేరస్థుల పేర్లు కొట్టేసినట్టు. అలాంటిచోట పోగేశారు, కలిపేసుకున్నారు, లాక్కున్నారు అని రాయాలని మా సలహా. అక్రీషన్ అన్న మాటను నిజంగా కంటికి ఆనకుండా జరిగే వాటికి ఉంచండి. ఉదాహరణకు, ఏటా కొద్దికొద్దిగా పెరిగే చదువుల తేడాకి, ఒక తరం నుంచి ఇంకో తరానికి పోయే పరిచయాల బలానికి. అక్కడ కూడా ‘ముందే ఒకటి ఉండాలి’ అన్న షరతు చెప్పకుండా వాడొద్దు. కాన్సర్ కణితి పెరుగుదలకి, అప్పు మీద వడ్డీ పెరగడానికి ఈ మాట సరిపోదు. అవి లోపలి నుంచి పెరిగేవి. అక్రీషన్ బయటి నుంచి వచ్చి చేరేది.

బాబాసాహెబ్ ఈ షరతుని చాలా ముందే గుర్తించారని మా అభిప్రాయం. 1947లో ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’ పత్రంలో ఆయన వ్యవసాయం ప్రభుత్వ పరిశ్రమ కావాలన్నారు. భూమిని ప్రభుత్వం తీసుకుని, కుల మత భేదం లేకుండా గ్రామస్థులకు కౌలుకిచ్చి, భూస్వామి, కౌలుదారు, భూమిలేని కూలీ అన్న మూడు రకాలూ లేకుండా చేయాలన్నారు. కొద్దికొద్దిగా భూమి పంచి, మిగతాది దానంతటదే సర్దుకుంటుందని ఆయన నమ్మలేదు. అప్పటికే ఆయన వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా దామోదర్ లోయ, మహానది ప్రణాళికల పనిలో ఉండి వచ్చారు. నదీ, నేలా, అధికారం ఎలా ముడిపడి ఉంటాయో ఆయనకు ఫైళ్లలో కాదు, పనిలోనే తెలుసు.

లంకల విషయంలో ఇప్పుడు తొందర ఎందుకంటే, మేటలే తగ్గిపోతున్నాయి. ఎగువన ఆనకట్టలు కట్టాక ఒండ్రు జలాశయాల్లోనే ఆగిపోతోంది. 1970లలో గోదావరి ఏటా సగటున సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రుని కిందికి తెచ్చేదని, 1990లకు అది 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయిందని డెల్టా మీద జరిగిన పరిశోధన చెప్పింది. దానికి తోడు ఇసుక తవ్వకాలు. కోత మాత్రం ఆగలేదు. అంటే పాత లంకలు కరుగుతాయి, కొత్తవి అంత తేలిగ్గా లేవవు. ఈ కాలంలో రికార్డులో పేరు లేనివాడికి పోయిన నేలకి బదులు అడిగే దారి ఉండదు. 15వ ఆర్థిక సంఘం నదీ కోత వల్ల నిర్వాసితులైన వారి పునరావాసానికి 1,000 కోట్ల రూపాయలు సిఫార్సు చేసింది. ఆ డబ్బు ఎక్కడికి పోతుందన్నది కూడా పేరు ఉన్నవాళ్ల జాబితాను బట్టే తేలుతుంది.

కాబట్టి లంక ఊళ్లలో పనిచేస్తున్న సంఘాలు చేయదగ్గ పనులు కొన్ని చెబుతాం. మీ గ్రామ అడంగల్‌లో మీ సాగు నేల నది పోరంబోకుగా ఉందా, లంకగా ఉందా, ఏ తరగతి కింద ఉందో సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా తీసుకోండి. చివరిసారి సర్వే ఏ సంవత్సరంలో జరిగిందో అదే దరఖాస్తులో అడగండి. శిస్తు, జరిమానా కట్టిన రసీదులు, సహకార సంఘం పాత మినిట్స్ పుస్తకాలు, పంట నష్టం జాబితాలు ఏవి దొరికితే అవి ఫొటోలు తీసి దాచండి. ‘ఎడతెగని అనుభవం’ అని ఎవరైనా అడిగితే చూపించడానికి మన దగ్గర ఉండేవి అవే. వరద తగ్గి ఏరు తన దారిలో పడ్డాక, నవంబరు డిసెంబరు నెలల్లో, ఎంత మేట పడింది, ఎంత కోత పడిందో కొలవమని తహసీల్దారుకి ఏటా ఒక అర్జీ ఇవ్వండి. కొలవకపోయినా అర్జీకి నంబరు వేయించుకోండి. ఆ అర్జీలో ‘ఆక్రమించి సాగు చేస్తున్న’ అని రాయకండి. ‘మేట నేలను బాగుచేసి సాగు చేస్తున్న’ అని రాయండి.